ఉండరా కన్నా!

ఆ ఆదివారం ఉదయం మాస్టారి కార్యక్రమం చాలా సరళమైనది: కాఫీ తాగడం, పేపరు చదవడం, ఆ తరువాత అపార్ట్‌మెంట్ సెక్రటరీగారి ఎదుట కుక్కను కదలకుండా కూర్చోబెట్టడం.

మాస్టారు ఉద్యోగమున్నంత కాలం కాలేజీలో తర్కశాస్త్రం బోధించినవారు. కారణం లేని కార్యం లేదని నమ్మి, కుక్కకు ‘హేతువు’ అని పేరు కూడా పెట్టుకున్నారు. అయితే ఈమధ్య తలుపు తీసీ తీయగానే హేతువు బయటికి ఉరికి, సెక్రటరీగారి భుజాల మీద కాళ్ళు వేసి ముఖమంతా నాకింది. "ఆదివారం వచ్చి చూస్తానండీ. తలుపు తీసినా సరే, గడప దాటకూడదు. దాటిందో, ఇంకెక్కడైనా చూసుకోండి దానికి" అని ఆయన తేల్చేశారు. "అది వెళ్తే నేనూ దాంతోపాటే మా అన్నయ్య ఇంటికి" అని మాస్టారి భార్య అంతకన్నా గట్టిగా తేల్చింది.

శిక్షణ శాస్త్రీయంగా సాగింది. ‘ఉండు’ అంటే కదలకూడదు. ‘రా’ అంటే వచ్చి బిస్కెట్టు తీసుకోవాలి. కుక్క ఈ రెండు మాటలనూ ఎంత చప్పున పట్టిందంటే, మాస్టారికి తమ పూర్వ విద్యార్థులందరి మీదా ఆలస్యంగా కోపం వచ్చింది.

సెక్రటరీగారు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వచ్చారు. మాస్టారు కుక్కను హాల్లో కూర్చోబెట్టి, తలుపు బార్లా తెరిచి, వరండాలో ఆయన పక్కన నిలబడ్డారు. గర్వంతో, వాత్సల్యంతో చెయ్యెత్తారు.

"ఉండరా కన్నా!" అన్నారు.

హేతువు ఒక్క గెంతులో వచ్చి బిస్కెట్టు కోసం చెయ్యి మూచూసింది.

"అబ్బే, ఇంట్లో ఎంత బాగా చేస్తుందోనండీ! ఈ డబ్బా కాస్త పట్టుకోండి" అని బిస్కెట్ల డబ్బా ఆయన చేతిలో పెట్టి, కుక్కను లోపలికి నెట్టి, "ఉండమంటే వస్తావేంరా!" అని గద్దించారు. అది మళ్ళీ వచ్చింది. ఈసారి డబ్బా ఉన్నచోటికి వచ్చింది.

సెక్రటరీగారు మెట్లవైపు పరుగెత్తారు. దారిలో పక్కవాళ్ళ పూలకుండీ దొర్లింది, ఆయన చెప్పు ఒకటి ఊడింది, చొక్కా మీద బురద పాదాలు పడ్డాయి.

"వద్దురా! ఆగరా! ఉండరా!" అని మాస్టారు.

"దీన్ని పట్టుకుంటారా, పట్టుకోరా?" అని సెక్రటరీగారు.

అరిచినకొద్దీ కుక్కకు హుషారెక్కింది. మాస్టారు ఇక దాని మీద ఆశ వదులుకుని, కనీసం సెక్రటరీగారినైనా ఆపుదామని చేతులు జోడించారు. "సార్, మీరు ఉండండి! దయచేసి ఉండండి!"

కుక్క ఠక్కున ఆగింది. ఒక కాలు గాల్లోనే ఉండిపోయింది. పై మెట్టు మీద సెక్రటరీగారూ అలాగే నిలబడ్డారు.

గుమ్మంలోంచి భార్య అంది: "ఉండు అని నేర్పారు, రా అని నేర్పారు. మీరేమో ఉండరా, ఆయనేమో పట్టుకోరా. అన్నిసార్లు పిలిస్తే అది రాక ఏం చేస్తుందండీ పాపం?"

పరస్పర విరుద్ధమైన రెండు మాటలు ఏకకాలంలో చెల్లవని కాలేజీలో ఏటా బల్ల గుద్ది చెప్పిన మాస్టారు, పూలకుండీ మట్టిని శ్రద్ధగా పరిశీలించసాగారు.

సెక్రటరీగారు ముఖం తుడుచుకుంటూ దిగారు. "ఏదీ, మళ్ళీ కూర్చోబెట్టండి. ఈసారి మర్యాదగా చెప్పండి."

"ఉండండి" అన్నారు మాస్టారు కుక్కతో. సెక్రటరీగారు గడప అటూ ఇటూ నడిచారు. డబ్బా ఊపి చూశారు. హేతువు విగ్రహంలా కూర్చుంది.

"కుక్కది తప్పు లేదండీ. ఉంచుకోండి" అని, మాస్టారిని ఎగాదిగా చూసి ఆయన వెళ్ళిపోయారు.

అప్పటినుంచి మాస్టారు కుక్కను మీరు అనే పిలుస్తున్నారు. ఆ మధ్యాహ్నమే భార్యతో, "ఏమే, కాసిని మంచినీళ్ళు తే" అన్నారు. ఆవిడ కదల్లేదు.

"వినపళ్ళేదా?"

"వినపడింది. హేతువుగారికి చెప్పినట్టు చెప్పండి."

ఇప్పుడా ఇంట్లో ‘ఏరా’ అనిపించుకునేది మాస్టారొక్కరే. అదీ, తమను తామే తిట్టుకునేటప్పుడు, కుక్క వినకుండా.