పండు నైట్ డ్యూటీ

"నువ్వు పసుపు రాసీబట్టే ఇంకా పీక్కుంటన్నాడు!"

"ముందే పీక్కుంటన్నాడనే కదండీ రాసేను!"

పొద్దుటి కాఫీ చల్లారినా మొగుడూపెళ్లాల వాదన చల్లారలేదు. కోడలు కృష్ణప్రియ ముచ్చటపడి తెచ్చిన కాకటీల్ చిలుక పిల్ల పండు, ఎదమీది ఈకలన్నీ ముక్కుతో పీకేసుకుంది. పురుగు పట్టిందని వనజాక్షి పసుపు రాసింది. బూడిదరంగు పిట్ట కాస్తా నిమ్మపండులా తయారైంది.

"ఇలాగే పీక్కుంటే రక్తం కారుతుంది అత్తయ్యా, మళ్లీ ఈకలు రావు" అంటూ కృష్ణప్రియ, భర్త అనిల్‌తో కలిసి పంజరం పట్టుకుని దుర్గ్‌లోని డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

"బతుకుతాడు కదమ్మా?" అంటూ గేటుదాకా వెళ్లిన మామగారు గురుమూర్తి, తిరిగొచ్చి దుప్పటి ముసుగుపెట్టాడు. ఆ వారం ఆయనకు నైట్ షిఫ్ట్ మరి.

ఉక్కు ప్లాంటులో రిటైరై ఆరేళ్లయింది. సెక్టారులోని కంపెనీ క్వార్టరు వదిలి కోహ్కాలో ఇల్లు కట్టుకున్నా ఆయన షిఫ్టులు వదల్లేదు. నైట్ షిఫ్ట్ వారమంతా హాల్లో ట్యూబ్‌లైటు వేసుకుని, ఫ్లాస్కులో టీతో, పండుతో కబుర్లాడుతూ తెల్లారుస్తాడు. వనజాక్షికి అదేమీ వింత కాదు. కొత్తకాపురంలో సైకిలు గంట వినగానే తలుపు తీసేది. ఆయన చొక్కాలో ఇనుము, చెమట కలిసిన వాసన ఉండేది. నాన్న పడుకున్న పగళ్లలో చిన్నప్పుడు అనిల్ గుసగుసగా ఏడవడం కూడా నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆ వారం ఆవిడ పగలు కుక్కరు పెట్టదు.

పొద్దున పంజరం వెళ్తుండగా గోడమీంచి చూసిన పక్కింటి గౌరీదేవి, "పచ్చగా ఉందేటి వదినా, కామెర్లేటి?" అంది.

"ఏటో, డాక్టరే చెప్పాల" అంది వనజాక్షి.

గురుమూర్తిగారింట్లో కామెర్లట అన్న కబురు మధ్యాహ్నానికల్లా పాత ఫర్నేసు మిత్రులందరి ఫోన్లలోకీ చేరింది. వాళ్లలో గణపతిరావు, కామెర్లకి మంచివని చెరుకురసం, ముల్లంగి కట్టలతో దిగాడు.

"ఎలాగున్నాడు భాభీ?"

ఊరంతా పండునే అడుగుతోందనుకుంది వనజాక్షి. "ఏటి చెప్పమంటారు అన్నయ్యా! ఒళ్లంతా పచ్చగా అయిపోనాడు. గుండెల మీద ఒక్కటీ మిగల్లేదు. రాత్రుళ్లు ఒకటే అరుపులు."

గణపతిరావు కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, దుప్పటి తీసి, స్నేహితుడి కనురెప్ప కిందికి లాగి చూశాడు.

గురుమూర్తి అదిరిపడి లేచాడు. "ఏటి గణపతీ! ఫర్నేసు ఆగిపోనాదేటి?"

విషయం తెలిశాక ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చెరుకురసం తాగుతూ పాత కాంటీను సమోసాల కబుర్లలో ఉండగా కోడలూ కొడుకూ తిరిగొచ్చారు.

"బీమారీ ఏం లేదు మామయ్యా. పురుగూ లేదు. నిద్రే లేదంట" అంది కృష్ణప్రియ. "పిల్లపిట్టకి రోజూ పన్నెండు గంటలు చీకట్లో నిద్ర ఉండాలంట. 'మీ ఇంట్లో రాత్రంతా లైటు ఎవరు వేస్తారు?' అని కోప్పడ్డారు డాక్టర్ సాబ్."

గురుమూర్తి పంజరంలోకి వేలు పెట్టాడు. పండు దానికి తల ఆనించి కళ్లు మూసింది.

"నాకు తోడుగా మేలుకుంటన్నాడనుకున్నాను" అన్నాడాయన.

దీపాలు పెట్టే వేళకి ఆయనే పంజరం మీద వనజాక్షి పాత నేతచీర కప్పి, హాల్లో లైటు తీసేశాడు. భోజనాల దగ్గర అందరూ వినేలా, మెల్లగా అన్నాడు.

"ఇవాల్టి నుంచి నాది పగటి జనరల్ షిఫ్టు."

పెళ్లయిననాటి నుంచీ వనజాక్షి పెట్టుకున్న అర్జీ, అలా ఒక పిట్ట సిఫార్సుతో మంజూరైంది.