మిల్లు మేడ మీద ఆస్థానం

మండపేటలో రాజరికం 1998 శ్రావణమాసంలో పునరుద్ధరింపబడింది. ప్రభుత్వం అభ్యంతరం చెప్పలేదు.

తన బియ్యం మిల్లుకి కొత్త యంత్రం చూసుకోవడానికి జర్మనీ వెళ్లిన జీవరాజు గారికి అక్కడొక గైడు పాత కోట చూపించాడు. రెండు వందల ఏళ్ల కిందట ఆ చిన్న సంస్థానపు ప్రభువు రచయితల్ని పిలిచి, ఇళ్లిచ్చి, కొలువులిచ్చి పోషించాడట. ఆయన చేసిన యుద్ధాలు ఎవరికీ గుర్తులేవు. కవుల పుణ్యమా అని పేరు మాత్రం నిలిచింది. జీవరాజు గారు యంత్రం సంగతి మేనల్లుడికి వదిలేసి ఈ సంగతి రాసుకొచ్చారు.

వారం తిరక్కుండా రామచంద్రపురంలో రిటైరైన తెలుగు మాస్టారు శరత్‌చంద్ర గారికి ఆస్థానకవిగా రమ్మని కబురొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆయన రాసిన కవిత్వం చదివింది భార్య హైమవతి ఒక్కతే, అదీ మొహమాటానికి.

“వెళ్లండి, వినేవాళ్లు దొరికారు” అందావిడ, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

ఆస్థానం మిల్లు మేడ మీద ఏసీ గదిలో వెలిసింది. రెండో కవి చిట్టియ్య, పెళ్లిపందిళ్లలో పద్యాలు చదివి పేరు తెచ్చుకున్నవాడు. మొదటి నెలలోనే బాయిలరు మీద సీసం, కొత్త లారీ మీద ఉత్పలమాల వెలువడ్డాయి. ప్రభువుల మోకాలి ఆపరేషన్ మీద రాసిన ఖండకావ్యం రెండో ముద్రణకు వెళ్లింది. మోకాలు ఇంకా కోలుకోలేదు.

ఒకరోజు శరత్‌చంద్ర గారికి కిటికీలోంచి మిల్లు కూలీ రత్తమ్మ కనబడింది. ఊక ఊడుస్తోంది. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. మిల్లు బెల్టు లాగేసిందని ఎవరో చెప్పారు. ఆ మధ్యాహ్నం ఆయన ఆ వేళ్ల మీద కవిత రాశారు. ఆస్థానంలో ఎవరూ అడక్కుండా రాయడం అదే మొదటిసారి.

ఆస్థాన వార్షికోత్సవంలో, కొలువు పోతే పోయిందని, ఆ కవితే చదివేశారు. జీవరాజు గారు కళ్లొత్తుకుని మైకు అందుకున్నారు.

“జర్మనీ ప్రభువు కొలువులో కూడా ఇంత కరుణరసం పండి ఉండదండి! ఆ వేళ్లు పరాయివి కావండి, మన మిల్లువేనని గర్వంగా మనవి చేస్తున్నాను!”

చప్పట్లు మోగాయి. రత్తమ్మని వేదికెక్కించి, ఆవిడ చేతే కవికి శాలువా కప్పించారు.

కప్పుతూ ఆవిడ మెల్లగా అడిగింది. “శానా బాగా రాశారంటండి. బెల్టుకి అడ్డంగా రేకు కట్టమని కూడా రాశారాండి?”

రాయలేదు. ఆ శాలువా కింద ఆయనకి ముచ్చెమటలు పోశాయి.

మర్నాడు పొద్దున్నే నాలుగు లైన్ల అర్జీ రాసి ప్రభువుల చేతికిచ్చారు. ఆయన రెండుసార్లు చదివారు.

“ఏంటి మాస్టారూ, ఇందులో ఛందస్సేదండి?”

“లేదండి. రేకుంటే చాలండి.”

“మీలో సరుకైపోయిందండి” అని జీవరాజు గారు నిజంగానే బాధపడ్డారు. ఆ సాయంత్రానికి ఆస్థానం చిట్టియ్య ఒక్కడిదైంది.

శరత్‌చంద్ర గారు అర్జీ నకలు పట్టుకుని సంబంధిత కార్యాలయానికి వెళ్లారు. గుమాస్తా సానుభూతితో చదివి, ఆ కవిత కూడా జతపరచమన్నాడు, ఇంట్లో వాళ్లకి చూపిస్తాడట.

ఏడాది తిరిగేసరికి ఆ కవితకి రాజమండ్రిలో పురస్కారం వచ్చింది. మండపేట నుంచి మనమంతా వెళ్లాం. ఆయన కవిత చదవనని మొండికేసి అర్జీ చదివారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. కవిత చిట్టియ్య రాగయుక్తంగా చదివాడు. హాల్లో ఏడవనివాడు లేడు.

తరువాత భోజనాలు, జీవరాజు గారి సౌజన్యం. ఆ మిల్లు బియ్యమే, అన్నం మల్లెపువ్వులా ఉంది. మారు వడ్డించుకుంటూ మాస్టారినీ బతిమాలాం. ఆయన ముద్ద ముట్టకుండా విస్తరి ముందు నుంచి లేచిపోయారు. కవులన్నాక ఆమాత్రం తిక్క ఉంటుందని పెద్దమనసుతో క్షమించి, మనం పెరుగు కోసం కేకేశాం.