నూట నలభై మూడు విన్నపాలు

ఆ శనివారం ఉదయం ఇమ్మానుయేలు పెట్టుకున్న పని చిన్నదే. రెండో చాయ్ చల్లారేలోగా, ఫోన్‌లోని పాత నోట్స్ యాప్‌లో ఉన్న ప్రార్థన విన్నపాల జాబితాను కొత్త యాప్‌లోకి మార్చాలి. పాతది నెలాఖరుకు మూతపడుతుందని వారం రోజులుగా హెచ్చరిస్తోంది. వికారాబాద్‌లోని తమ సంఘానికి ఆయన తొమ్మిదేళ్లుగా ప్రార్థన కార్యదర్శి. జ్వరం, ఆపరేషన్, పెండ్లి సంబంధం, తప్పిపోయిన ఎద్దు, ఎవరు ఏ విన్నపం చెప్పినా ఒక వరుసలో రాసుకుంటాడు. ఆ సంగతి తేలిపోయిన రోజున పక్క గడిలో టిక్కు పెడతాడు.

ఆ టిక్కులో ఒక శాస్త్రీయ లోపం ఉండేది. కోలుకున్నవారికీ అదే, కన్నుమూసినవారికీ అదే. యాప్ తయారుచేసినవారు రెండో గుర్తు ఇవ్వలేదు, ఇమ్మానుయేలుకు దాని అవసరమూ తోచలేదు. రెండు సందర్భాల్లోనూ విన్నపం ముగిసినట్టే కదా అనేవాడు.

కూతురు నిరోషా చెప్పిన బొత్తాలు వరుసగా నొక్కాడు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు ల్యాబ్ సహాయకుడిగా ఉండి, రోజూ సాయంత్రం పరీక్షనాళికలు లెక్కపెట్టి అలమరకు తాళం వేసిన మనిషి కనుక, మారిన వరుసలనూ లెక్కపెట్టాడు. అక్కడ నూట నలభై మూడు, ఇక్కడ నూట నలభై మూడు. సంఖ్య సరిపోతే సంగతి సరిపోయినట్టేనని తృప్తిపడి, పాత యాప్‌ను తొలగించాడు.

వారి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున్నే ఆ జాబితా మొత్తం సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళుతుంది. టిక్కు పడిన వరుసలు కొట్టివేసినట్టు కనిపిస్తాయి. మిగిలిన ఏడెనిమిది పేర్లను స్త్రీల సమాజంవారు పంచుకుని, ఆరాధన ముగియగానే బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకుని పరామర్శకు బయలుదేరతారు. ఆ ఆదివారం ఒక్క వరుసకూ కొట్టివేత లేదు. పాతవాళ్లు తమకు తెలిసినవారిని మనసులోనే వడపోసుకున్నారు. బదిలీపై వచ్చి ఆరు నెలలే అయిన ఇద్దరు టీచర్లు, మల్లిక, దేవిక, వడపోయడానికి ఎవరినీ ఎరగరు. ఇన్ని కష్టాలున్న సంఘాన్ని ఇంతవరకూ చూడలేదని నొచ్చుకుని, ఎవరూ తీసుకోని మూడు తాండూరు పేర్లను తమ వంతుగా రాసుకుని, మూడు డజన్ల పండ్లతో రైలెక్కారు.

ఇమ్మానుయేలు అన్నం ముందు కూర్చున్నప్పుడు మొదటి ఫోన్ వచ్చింది. చేసినవాడు బాల్‌రాజ్, తాండూరులో బండల పాలిష్ పనివాడు. నాలుగేళ్ల కింద అతనికి హెర్నియా ఆపరేషన్ అయింది. ఇద్దరు టీచర్లు వెళ్లేసరికి అతను ఇంటి అరుగు కోసం ఒక బండను భుజాన మోస్తున్నాడు. వాళ్లు కంగారుపడి దాన్ని దింపించి, అతన్ని మంచం మీద పడుకోబెట్టి, ఆపరేషన్ క్షేమంగా జరగాలని ప్రార్థించి వెళ్లారు. డాక్టరు తమ దగ్గర దాచిన సంగతి సంఘానికి ముందే తెలిసిందని భార్య ఏడుపు అందుకుంది.

"అన్నా, నా కడుపుల ఏమున్నదో నాకు దప్ప అందరికీ ఎరికైనట్టున్నది," అన్నాడు బాల్‌రాజ్. "జర నాకు గుడ చెప్పరాదు?"

ఏమీ లేదని ఇమ్మానుయేలు ఎంత చెబితే, అతనికి అంత అనుమానం పెరిగింది. లేస్తే ప్రమాదమేమోనని మంచం మీదనే ఉండిపోయాడు.

రెండో ఫోన్ దీక్షిత ఇంటి నుంచి. ఆమెకు మంచి సంబంధం కుదరాలన్న విన్నపం ఐదేళ్ల నాటిది. పెండ్లయి ఇప్పుడు ఒడిలో బిడ్డ ఉంది. పెద్దేముల్ నుంచి అత్తగారు వచ్చి ఉన్న రోజునే టీచర్లు వెళ్లారు. పరామర్శకు వచ్చినవారు ఎందుకని అడిగించుకోకుండా నేరుగా ప్రార్థనలోకి దిగడం మర్యాద. దీక్షితకు తగిన వరుణ్ణి త్వరగా చూపించమని దేవిక గొంతెత్తి వేడుకుంది. కళ్లు మూసుకుని వింటున్న భర్త, అలవాటు కొద్దీ, ఆమెన్ అన్నాడు.

ఫోన్‌లో మాట్లాడింది అత్తగారు. "మా పిల్లగాడు ఇంట్ల ఉండంగనే ఇంకో సంబంధమెందుకు సార్? వానిల ఏం తక్కువ జూసిండ్రు మీరు?"

నిరోషా తండ్రి చేతిలోంచి ఫోన్ తీసుకుని జాబితా చూసింది.

"నాయినా, పేర్లన్నీ వచ్చినయి. టిక్కులే రాలే."

"తాండూర్ల మూడో ఇల్లు ఎవలది బిడ్డా?"

"రామమ్మ. ఈరయ్య మామ భార్య. కిడ్నీలు చెడినయని రాసున్నది."

ఇమ్మానుయేలు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. రామమ్మ పోయి రెండేళ్లయింది. ఈరయ్య ఆయనకు ఒకే బెంచీ మీద చదువుకున్ననాటి స్నేహితుడు. ఏడు నెలలు సంఘమంతా ఆమె కోసం ప్రార్థించింది. మట్టి చేసి వచ్చిన సాయంత్రం, అలవాటు ప్రకారం ఇమ్మానుయేలు టిక్కు పెడుతుండగా పక్కనే కూర్చున్న ఈరయ్య చూశాడు. ఆ తర్వాత మందిరానికి రాలేదు, ఇమ్మానుయేలుకూ ఆ గడప తొక్కే ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆ మనిషి ముందుకు ఇద్దరు అపరిచితులు వెళ్లి, చనిపోయిన భార్య ఆరోగ్యం అడగబోతున్నారు. ఫోన్ చేస్తే వాళ్లు ఎత్తలేదు. పరామర్శ వేళ ఫోన్ మూగబెట్టాలన్న నియమం పెట్టింది ఆయనే.

తాండూరు బస్సులో ఆయన మూడు రకాల క్షమాపణలు తయారుచేసుకున్నాడు. మూడింటిలోనూ తప్పు యాప్‌దే. మూడూ నిజమే కానీ, ఒక్కటీ పైకి అనగలిగేలా లేదు.

ఈరయ్య ఇంటి తలుపు తీసే ఉంది. చాప మీద టీచర్లిద్దరూ చాయ్ తాగుతున్నారు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"వందనాలు బ్రదర్," అంది మల్లిక, గొంతు బాగా తగ్గించి. "అక్క ఇప్పుడే పండుకున్నదట. లేపొద్దన్నరు."

ఇమ్మానుయేలు ఈరయ్య వైపు చూశాడు. ఈరయ్య ఆ చూపు అందుకోలేదు. టీచర్లను వీధి దాకా సాగనంపి, "మళ్ల వారం రాండ్రి. అప్పటికి జర నయమైతది," అన్నాడు.

ఇద్దరే మిగిలారు.

"తప్పయింది ఈరన్నా. ఉరికిపోయి వాళ్లకు నిజం చెప్తా."

"కూసో." ఈరయ్య ఒక అరటిపండు ఒలిచి స్నేహితుడి చేతిలో పెట్టాడు. "రెండేండ్ల సంది ఈ ఇంట్ల ఆమె పేరు ఎవ్వలు తియ్యలే. నాకు బాధైతదని చుట్టాలు తియ్యరు. నువ్వైతే రానే రాలే. గీ పిల్లలొచ్చి, ఏం తింటున్నది, కాళ్ల వాపు తగ్గిందా, రాత్రి నిద్ర వడుతున్నదా అని అడిగిండ్రు. లేదని నోరెట్లొస్తది? గంటసేపు చెప్పిన ఆమె ముచ్చట."

తొక్కను పళ్లెంలో పెట్టి అన్నాడు. "గా టిక్కు మళ్ల పెట్టకు."

అబద్ధం మీద నిలిచే ఓదార్పు ఇమ్మానుయేలుకు నచ్చదు. రైల్వే స్టేషన్‌లో టీచర్లను కలుసుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. దేవిక ఏడ్చింది. రైలు వచ్చే ముందు మల్లిక, అరటిపండ్లు గాక రామమ్మక్కకు ఇంకేం ఇష్టమో కనుక్కోమంది.

బాల్‌రాజ్‌ను మంచం మీది నుంచి లేపడానికి రెండు రోజులూ ఒక స్కానింగూ పట్టాయి. దీక్షిత అత్తగారికి సంఘ కాపరి అయ్యగారే వెళ్లి నచ్చజెప్పారు. ఇమ్మానుయేలు జ్ఞాపకం మీద ఆధారపడి, వారమంతా కూర్చుని, ఒక్కొక్క టిక్కే తిరిగి పెట్టుకొచ్చాడు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి సంగతి ఎలా పొక్కిందో తెలియదు. తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన దగ్గరికి వచ్చి చనిపోయిన తమ ఇంటివారి టిక్కు కూడా తీసేయమని మెల్లగా అడిగారు. దానివల్ల జరిగేదేమీ లేదని ఇమ్మానుయేలు ముగ్గురికీ ఓపికగా వివరించాడు. ముగ్గురూ తెలుసన్నారు. ఆయన తీసేశాడు.

టిక్కులు లెక్కపెట్టి రాసే ఆ సంవత్సరాంతపు నివేదికలో నెరవేరిన ప్రార్థనలు నాలుగు తగ్గాయని తేలింది; కారణం పరిశీలించాలని కమిటీ తీర్మానించింది.