ఊఁ అన్న పాపానికి

ఆ వేళ పొద్దున పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎర్ర కారును షెడ్డులో వదిలి, గాలి ఫిల్టరు ఒక్కటి మార్పించుకోవాలి. సాయంత్రం అదే కారులో స్టేషనుకు వెళ్ళి, రైలు దిగిన అత్తగారిని ఎక్కించుకుని ఇంటికి తీసుకురావాలి. అంతే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి చోటెక్కడుందని మీరు అడగవచ్చు. ఆ చోటు గురించే ఈ గొడవంతా.

అది రెండు తలుపుల కారు. నున్నగా, పొట్టిగా, ఎప్పుడు చూసినా ఎవరిమీదికో దూకబోతున్నట్టు ఉంటుంది. ఇంజనుకు టర్బో ఉంది. అంటే, తను వదిలిన పొగ ఊపుతోనే బయటిగాలిని ఇంకాస్త గొంతులో కూరుకుని పరిగెత్తే జాతి అన్నమాట. డాక్టరుగారు కొన్నది పాత కారే అయినా ఆయన ప్రేమ మాత్రం సరికొత్తది. దాన్ని వీధిలో ఆపి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసుకోకుండా ఆయన ఏనాడూ క్లినిక్కు మెట్లెక్కలేదు. పెళ్ళయిన కొత్తలో భార్యను కూడా అలా చూడలేదని ఆవిడే నలుగురిలో చెప్పింది.

కొన్న రోజున ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి అడిగిన ప్రశ్న ఒక్కటే.

"మా అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?"

"వెనక సీటుందిగా!"

ఆవిడ లోపలికి తొంగిచూసింది. ఉన్నమాట నిజమే. పిల్లి పడుకుంటే తోక కింద వేలాడేంత సీటు.

"సరే. ఎలాగూ మా అమ్మ వస్తుంది కదా. ఆ సీట్లో కూర్చుని ఇంటిదాకా వచ్చి, 'హాయిగా ఉందే' అందా, ఈ కారు మనదే. 'అబ్బా, నా నడుమే' అందా, మర్నాడే అమ్మేద్దాం. నాలుగు తలుపులది కొనుక్కుందాం. బూడిదరంగుది."

బూడిదరంగు అన్న మాట డాక్టరుగారికి పంటినరంలో సూది దిగినట్టు తగిలింది.

అత్తగారి నడుము చుట్టాలందరికీ పరిచయమున్న నడుము. ఆవిడ ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుర్చీలన్నిట్లో వరసపెట్టి కూర్చుని చూస్తుంది. ఒకటి మెత్తన, ఒకటి గట్టి, ఒకటి ఏటవాలు. చివరికి గోడకు ఆనుకుని నిలబడి కాఫీ తాగుతుంది. "మీ అమ్మకు నచ్చే కుర్చీ ఇంకా చెట్టుగానే ఉందే" అని మామగారు పోయేదాకా కూతురితో అంటూనే ఉండేవారు. హాయి అన్న మాట ఆవిడ నోట విన్నవాళ్ళు ఈ తరంలో లేరు.

అంత గండం ముందు పెట్టుకుని డాక్టరుగారికి ఫిల్టరెందుకంటారా? అదే ఆయన బలహీనత. ఏ భాగం మారిస్తే కారుకు ఎంత బలమొస్తుందో చెప్పే వీడియోలు స్నానాలగదిలో కుళాయి తిప్పి ఉంచి మరీ చూసేవారు. నీళ్ళ బిల్లు పెరిగింది గానీ ఒళ్ళు శుభ్రపడలేదు. బుర్రలో కారుకు మార్చని భాగం లేదు. కానీ ధైర్యం మాత్రం ఫిల్టరు దగ్గరే ఆగింది. బయటికి కనబడదు, అత్తగారికి తగలదు, కారు మాత్రం కాస్త హుషారుగా ఊపిరి పీలుస్తుంది. ఎంచి ఎంచి అదొక్కటి ఎంచుకున్నారు.

షెడ్డులో మెకానిక్కు ఎదురొచ్చాడు. వాడు డాక్టరుగారి పేషెంటే. ఒక్క పన్ను చూపించుకుందామని వచ్చి, నోరంతా బాగుచేయించుకుని వెళ్ళినవాడు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలా అని అప్పటినుంచీ కాచుకుని ఉన్నాడు.

"ఫిల్టరొక్కటేనా డాక్టరుగారూ?"

"ఒక్కటే."

"నేనూ ఒక్క పన్నే కదా అనుకుని వచ్చాను. మీరేమన్నారు? ఒకటి బాగుచేసి వదిలేస్తే పక్కది ఊరుకోదయ్యా అన్నారు. అన్నీ చూశారు. ఇప్పుడు మేకులు నమలమన్నా నములుతాను."

"అది నోరయ్యా, ఇది కారు."

"ఏదైనా తెరిస్తేనే కదండీ తెలిసేది. ఇంజను కడుపులోకి గాలి ఎక్కువ పంపి, మిగతాదాన్ని గాలికొదిలేస్తే ఎలా?"

క్లినిక్కుకు టైమైపోతోంది. "ఏదైనా ఉంటే అక్కడికి ఫోన్ చెయ్యి. నన్నడక్కుండా ఏదీ ముట్టుకోకు" అని ఖచ్చితంగా చెప్పి డాక్టరుగారు టాక్సీ ఎక్కారు. ఆ మాటను మెకానిక్కు అక్షరాలా పాటించాడు. అడక్కుండా ఒక్కటీ ముట్టుకోలేదు.

ఇక్కడ డాక్టరుగారి అలవాటొకటి చెప్పుకోవాలి. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని "ఆఁ, ఆఁ" అని మూలుగుతూ ఉంటే, ఆయన ముఖానికున్న గుడ్డ వెనకనుంచి "ఊఁ... ఊఁ... అంతే, అంతే" అంటూ ఉంటారు. కథ వినే పిల్లాడిలా ఊఁ కొట్టుకుంటూనే పన్ను చేతిలో పెడతారు. ఆ ఊఁకే పేషెంట్లు సగం ధైర్యం తెచ్చుకుంటారు. ఆ సమయంలో ఆయనకు డ్రిల్లు రొద తప్ప ఈ లోకంలో ఇంకేదీ వినబడదు.

బల్ల దగ్గర ఉండే రిసెప్షను అమ్మాయికి ఈ సంగతి తెలియదు. కొత్తగా చేరింది, మర్యాద తెలిసిన పిల్ల. ఫోన్ మోగితే తలుపు దగ్గరికి వచ్చి విషయం చెప్పేది. లోపలినుంచి ఊఁ వినబడేది. వెళ్ళి అదే చెప్పేది.

"డాక్టరుగారూ, మెకానిక్కండీ. ఫిల్టరు పెట్టేశాడట. గాలి ఎక్కువొస్తోంది, దానికి తగ్గట్టు కారు కంప్యూటర్లో లెక్కలు మార్చమంటారా అంటున్నాడు."

"ఊఁ... ఊఁ... అంతే, అంతే."

అమ్మాయి ఫోన్లో చెప్పింది. "ఊఁ అన్నారండీ. అంతే అని కూడా అన్నారు."

కాసేపటికి మళ్ళీ మోగింది. టర్బో జోరు పెరిగింది, లోపలికెళ్ళే గాలి వేడెక్కిపోతోంది, చల్లబరిచే పెట్టె పెద్దది పెట్టాలి. ఊఁ. లోపలికెళ్ళినంతా బయటికి రావాలి, పొగగొట్టం లావుది వేయాలి. ఊఁ. పరుగు పెరిగింది కాబట్టి ఆగడం కూడా నేర్పాలి, బ్రేకులు మార్చాలి. ఊఁ. మలుపుల్లో తూలకుండా కారును నేలకు దించాలి. "ఊఁ, కొంచెం ఓర్చుకోండి." ఓర్చుకోవడమెందుకో మెకానిక్కుకు అర్థం కాలేదు గానీ, డాక్టర్ల మాటలు అలాగే ఉంటాయనుకుని కానిచ్చేశాడు.

సామాన్లన్నీ అంత తొందరగా ఎక్కడివి అంటారా? అలాంటి కారే ఉన్న కుర్రాడొకడు వాటిని ముచ్చటపడి తెప్పించుకున్నాడు. పెళ్ళి కుదరగానే వాటి ముఖం చూడటం మానేశాడు. షెడ్డులో మూలపడి ఉన్న ఆ సరుకంతా డాక్టరుగారికోసమే పుట్టినట్టు అతికిపోయింది.

చివరి ఫోన్ వచ్చేసరికి డాక్టరుగారు ఒక మొండి దవడపన్నుతో తాడో పేడో తేల్చుకుంటున్నారు.

"డాక్టరుగారూ, కారు పట్టుకుంటే ఆగేలా లేదట. కూర్చున్నవాళ్ళని గట్టిగా పట్టి ఉంచే పందెంకారు సీట్లు రెండున్నాయట, ముందు బిగిస్తాడట. వాటి బెల్టులకోసం వెనక ఇనపకడ్డీ బిగించాలిట. దానికి వెనక సీటు అడ్డమొస్తోంది, తీసేయమంటారా అని..."

"ఊఁ! ఊఁ! ఊఁ!" అన్నారు డాక్టరుగారు, మోకాలు కుర్చీకి తన్నిపెట్టి.

అమ్మాయి ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. "తీసేయండి. ఇంత పట్టుదలగా ఆయన దేనికీ ఊఁ అనలేదు."

సాయంత్రం షెడ్డు దగ్గర టాక్సీ దిగిన డాక్టరుగారికి తన కారు ఎక్కడా కనబడలేదు. కిందికి చూడాలని తోచలేదు. చూశాక నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. ఆ భంగిమలో ఆయన్ని చూడటం మెకానిక్కుకు అదే మొదటిసారి.

"ఎలా ఉందండీ?"

"వెనక... వెనక సీటేదీ?"

మెకానిక్కు గోడవైపు చూపించాడు. అక్కడెవరో పెద్దమనిషి దానిమీద కాలుమీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"పెట్టెయ్! ఇప్పుడే పెట్టెయ్!"

"కడ్డీ వెల్డింగు చేసేశాను కదండీ. ప్రతిదీ అడిగే చేశాను. అన్నిటికీ ఊఁ అన్నారటగా."

ఎవరు ఊఁ అన్నారో, ఎందుకు అన్నారో డాక్టరుగారికి ఒక్కసారిగా తెలిసొచ్చింది. కానీ రైలు టైమైపోయింది. నేలబారుగా ఉన్న సీట్లోకి ఒళ్ళు మడిచి దూరి తాళం తిప్పారు. వెనకనుంచి ఫిరంగి పేలినట్టయింది. పెద్దమనిషి పేపరు గాల్లోకి ఎగిరింది.

స్టేషను బయట భార్య, పక్కనే అత్తగారు, ఆవిడ పక్కన పెట్టెలు. కారు కనబడటానికి చాలా ముందే వినబడింది. ఆగాక భార్య వంగి, ఇంకా వంగి, లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ అరిచి ఉంటే డాక్టరుగారికి కాస్త ధైర్యంగా ఉండేది.

"అమ్మా, నువ్వు ఆయనతో రా. నేను పెట్టెలు తీసుకుని టాక్సీలో వస్తాను" అని, భర్తవైపు తిరిగి, "బూడిదరంగులో కూడా రెండుమూడు రకాలుంటాయట" అంది.

అత్తగారిని సీట్లో దించడానికి కొంత యాతన పడాల్సి వచ్చింది. భుజాలమీంచి రెండు, నడుంమీంచి రెండు బెల్టులు లాగి బిగిస్తుంటే ఆవిడ గాభరాపడింది.

"ఇదేమిటి అల్లుడుగారూ, కట్టేస్తున్నారు? నేనేమైనా పారిపోతానన్నానా?"

"భద్రత అత్తయ్యగారూ."

"ఎవరికి?"

డాక్టరుగారు బండి కదిలించారు. ఎంత మెల్లగా నడపాలని చూసినా అది మెల్లగా వెళ్ళే బండి కాదు. కాలు ఆనిస్తే దూకింది, తీస్తే ఠప్పుఠప్పున పేలింది. రోడ్డుమీద చిన్న రాయి ఉన్నా వెన్నెముకలో లెక్క తెలుస్తోంది. కుక్కలు మొరగడం మానేసి పక్కకు తప్పుకున్నాయి. మొదట్లో అత్తగారు "అమ్మో" అంది. తర్వాత "అయ్యో" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆ మౌనం డాక్టరుగారికి పేలుళ్ళకంటే గట్టిగా వినబడింది. తిరిగి చూసే ధైర్యం లేక రోడ్డువైపే చూస్తూ తన కారుకు మనసులోనే వీడ్కోలు చెప్పుకున్నారు.

సొంత వీధి మలుపులో స్పీడు బ్రేకరుంది. పొద్దుటిదాకా ఉన్న కారు దాన్ని దాటేది. ఈ కారు దానిమీద పొట్ట ఆన్చి, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు వేసి, నిద్రకు ఉపక్రమించిన దున్నపోతులా ఉండిపోయింది. వెనకే టాక్సీ వచ్చి ఆగింది. ఇళ్ళలోంచి జనం వచ్చారు. భార్య పరుగున వచ్చి తలుపు తీసింది.

అత్తగారి తల ఒకపక్కకు వాలి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"అమ్మా! ఏమండీ, మా అమ్మను ఏం చేశారండీ! అమ్మా!"

కారు పోతే పోయింది, పెద్దావిడ బాగుంటే చాలు అని ఆ క్షణంలో ఆయన నిజంగానే అనుకున్నారు. నాడి పట్టుకోబోయారు. అంతలో ఆ ముఖంలోంచి సన్నగా, తీరిగ్గా, ఒక గురక వినబడింది.

కూతురు భుజం తట్టేసరికి ఆవిడ కళ్ళు తెరిచి విసుక్కుంది.

"అప్పుడే వచ్చేశామా? ఎన్నాళ్ళకు కన్నంటిందే నాకు! నడుముని ఎవరో రెండు చేతుల్తో పట్టుకున్నట్టుంది. అబ్బ, హాయిగా ఉందే!"

వీధి వీధంతా విన్నది. భార్య తల్లినీ, కారునీ, భర్తనీ మార్చి మార్చి చూసింది. మాట మాటే. బూడిదరంగు గండం గడిచింది. డాక్టరుగారు ఇరుగుపొరుగువాళ్ళతో కలిసి కారును నెడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున అత్తగారు హాల్లో కుర్చీలన్నిట్లో వరసగా కూర్చుని చూసి లేచి నిలబడింది.

"నిన్నటిదేదీ?"

"అది కారులో ఉందండీ అత్తయ్యగారూ."

"కారులో ఎందుకూ, ఇంట్లో మనుషులుండగా?"

డాక్టరుగారు మెకానిక్కుకు ఫోన్ చేశారు. మెకానిక్కు వచ్చి, బోల్టులు విప్పి, సీటును మందపాటి చెక్కకు బిగించి టీవీ ముందు పెట్టాడు. బెల్టులతో సహా. ఆవిడ వాటిని కట్టించుకుని, వార్తలు వేగంగా వెళ్తున్నప్పుడు ఇంకాస్త బిగించమనేది. నాలుగురోజులుండి వెళ్దామని వచ్చిన మనిషి తిరుగు ప్రయాణం మాటే ఎత్తలేదు.

ఒక సాయంత్రం భార్య ఆఫీసునుంచి మెడ పట్టేసి వచ్చి, తల్లి పెరట్లో ఉండటం చూసి, ఒక్క నిమిషం కూర్చుందామని అందులో కూర్చుంది. వంట వేళ దాటిపోయింది. డాక్టరుగారు కిటికీ దగ్గర ఎవరిదో దవడ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి పరిశీలిస్తున్నారు.

"ఏమండీ, ఇలాంటిది కారులో ఇంకొకటి ఉంది కదూ? అది కూడా తెప్పిస్తారా?"

"ఊఁ... ఊఁ... అంతే, అంతే" అన్నారాయన.

ఇప్పుడు ఎర్ర కారు ఇంటిముందే ఉంది, దాని సీట్లు రెండూ టీవీ ముందున్నాయి. ఎవరూ అమ్మమనలేదు. డాక్టరుగారు రోజూ బస్సులో క్లినిక్కుకు వెళ్తున్నారు, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి దాన్ని చూసుకుంటున్నారు. సెలవునాడు షెడ్డుకు వెళ్ళి గోడవారనున్న తన వెనక సీటుమీద కాసేపు కూర్చుంటారు. మెకానిక్కు ఆయన్ని ఓదారుస్తాడు.

"బాధపడకండి డాక్టరుగారూ. బండి బరువు తగ్గించాలని మోజుపడ్డవాళ్ళని చాలామందిని చూశాను గానీ, డ్రైవరుని కూడా తీసేసినవాళ్ళు మీరొక్కరే."