శాంతమ్మ బీడుకు తగిన పనిముట్టు

మట్టిని దున్నడం మనిషి ఎప్పుడో నేర్చుకున్నాడు. దేనితో దున్నాలో చెప్పే కార్యాలయం మాత్రం ఇంతకాలం లేకపోయింది. జహీరాబాద్‌లో పనిముట్ల ఎంపిక సలహా కేంద్రం తెరుచుకోవడంతో వ్యవసాయ చరిత్రలోని ఆ పెద్ద లోటు తీరిపోయింది. (అంతకుముందు పండినవన్నీ అనధికారికంగా పండినవే.)

న్యాల్‌కల్ దగ్గర రెండెకరాల గడ్డి బీడున్న శాంతమ్మ మే నెల మొదట్లో ఆ కేంద్రం మెట్లెక్కింది. ఆమెకు నాలుగు బర్రెలు, ఇరవై రెండు హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టరు ఉన్నాయి. ట్రాక్టరు ఆమే నడుపుతుంది. బీడు మాత్రం పదిహేనేళ్లుగా బర్రెల కాళ్ల కింద నలిగి బండబారింది. మంచి గడ్డి పోయి గరిక, వయ్యారిభామ మిగిలాయి. బర్రెలు పొద్దున్నే బీడులోకి వెళ్లి, చుట్టూ ఒకసారి చూసి, తర్వాత శాంతమ్మ ముఖం చూసేవి. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది. వానలు పడేలోగా నేల లేపి కొత్త గడ్డి విత్తనం వేయాలి. లేకపోతే రెండు బర్రెలను అంగడికి తోలాలి. ఏ రెండింటినో ఆమె ఇంకా ఆలోచించలేదు, ఆలోచించదలచుకోలేదు కూడా.

కేంద్రంలో సహాయ ఎంపికాధికారి జగదీశ్ ఉన్నాడు. మంచివాడు. కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు, ఆ తర్వాత ఫోన్ తీసి ఆమెను యాప్‌కు అప్పగించాడు.

“ఏం పంటమ్మా?”

“గడ్డి సారూ.”

జగదీశ్ జాబితాను పైకీ కిందికీ జరిపాడు. అందులో ఆపిల్ ఉంది, కుంకుమపువ్వు ఉంది. (జహీరాబాద్ ఎండలో ఎవరైనా కుంకుమపువ్వు వేస్తే ఏ నాగలి వాడాలో చెప్పడానికి కేంద్రం సిద్ధంగా ఉంది.) గడ్డి మాత్రం లేదు.

“గడ్డి పంట గాదమ్మా. యాప్ లెక్కల అది కలుపు. కలుపు పెంచుతమంటే దరఖాస్తు తీసుకోదు.”

“మరి బర్లేం తినాలె సారూ? కుంకుమపువ్వా?”

జగదీశ్ కాసేపు నిజంగానే ఆలోచించాడు. “చెరుకు గూడ ఒక తీరు గడ్డే గద. చెరుకని కొడదాం.”

తర్వాతి ప్రశ్న ట్రాక్టరు గురించి. అన్ని ప్రశ్నల్లాగే దాని పక్కనా ‘తప్పనిసరి’ అని ఎర్ర చుక్క ఉంది. యాప్‌లో ట్రాక్టర్లు నలభై ఐదు హార్స్‌పవర్ల దగ్గర మొదలవుతాయి. అంతకన్నా చిన్నవి ‘ఇతర వాహనాలు’ కింద, గుర్రబ్బండి తర్వాత వస్తాయి.

“నలభై ఐదని కొడుతున్న. ఎక్కువుంటే మంచిదే గదమ్మా,” అన్నాడు జగదీశ్.

నిమిషంలో ఎంపిక పూర్తయింది. మూడో రోజు కేంద్రం వాళ్లు ఒక పెద్ద రెక్కల నాగలిని లారీలో తెచ్చి బీడు గట్టున దించారు, వాడుకుని తిరిగివ్వమన్నారు. దించిన కాసేపటికే రెండు బర్రెలు దాని నీడలో పడుకున్నాయి.

శాంతమ్మ దాన్ని ట్రాక్టరు వెనక తగిలించి, సీటెక్కి లివర్ లాగింది. నాగలి లేవలేదు. ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి. ఆమె ఆకాశం వైపు తిరిగి కొంతసేపు అలాగే ఉండిపోయింది. (మబ్బులేమీ లేవు.) తర్వాత మెల్లగా లివర్ వదిలింది. ముందు ట్రాక్టరు కిందికి దిగింది. ఆమె గుండె చాలాసేపటికి దిగింది.

దగ్గరుండి చూసిన జగదీశ్ నిజాయితీగా నివేదిక రాశాడు: ‘పనిముట్టు సక్రమముగా ఉన్నది. ట్రాక్టరు సహకరించలేదు.’ దాని మీద విచారణకు ఒక పరిశీలక బృందాన్ని నియమించారు. బృందం వచ్చేవరకు సదరు భూమిని ఎవరూ ముట్టరాదని ఆదేశం వచ్చింది.

“బృందం ఎప్పుడొస్తది సారూ?”

“వానలు తగ్గినంక. బురదల జీపు రాదు గదమ్మా.”

మర్నాడే శాంతమ్మ జహీరాబాద్‌లో అబ్దుల్ సమద్ దుకాణానికి పోయింది. ముప్పై ఏళ్లుగా సేద్యం పనిముట్లు చేసి, విరిగినవి అతికించి, కిరాయికిచ్చే మనిషి అతను. వెల్డింగ్ ఆపి మూడే ప్రశ్నలు అడిగాడు: బండి ఎంతది, నేల ఎట్లుంది, గరిక ఉందా. ఏ ప్రశ్న పక్కనా ఎర్ర చుక్క లేదు.

“రోటవేటర్ కొట్టియ్యాల్నా సమద్ భాయ్? అందరు అదే అంటున్రు.”

“వద్దక్కా. గరికల రోటవేటర్ తిప్పితే వేరు ముక్కలైతది, ముక్క ముక్క మొలుస్తది. ఒక్క గరిక పోయి వంద గరికలొస్తయి. ఐదు పళ్ల గొర్రు తీస్కపో, నీ చిన్న బండి ఆరాంగ గుంజుతది. ముందు పైపైన దున్ని జర ఎండనియ్యి. వేర్లు ఎండినంక అడ్డం దున్ను. ఆఖర్ల డిస్కులు తిప్పితే గడ్డలు పగుల్తయి. గంతే.”

“ఆఫీసోళ్లు భూమిని ముట్టొద్దన్నరు.”

“నువ్వు భూమినెందుకు ముడుతవక్కా? గరిక తీస్తున్నవ్. ఫికర్ జెయ్యకు.”

చాలా రోజుల తర్వాత శాంతమ్మ గట్టిగా నవ్వింది.

మొదటి రోజు గొర్రు నేలను గోకింది, అంతే. ఆమెకు ఏడుపొచ్చింది. వారం ఆగి అడ్డం దున్నితే గరిక వేర్లు తాళ్లలా పైకి లేచాయి. వాటిని చేత్తో ఏరి గట్టున కుప్పలేసింది. అరచేతులు పగిలాయి, కుప్పలు ఎండలో కరకరలాడాయి. జూన్ మొదటి వాన పడ్డాక డిస్కులు తిప్పి మేతకు జొన్న, అలసంద, స్టైలో గడ్డి విత్తనం కలిపి చల్లింది. ఆగస్టుకు బీడు మోకాలెత్తు పచ్చగా నిలిచింది. నాలుగు బర్రెలూ తల ఎత్తడం మానేశాయి.

సెప్టెంబరులో బృందం దిగింది. నలుగురు అధికారులు, వాళ్ల వెనక జగదీశ్, ఒక ఫొటోగ్రాఫరు.

“భూమి కదిలినట్టుందే?” అన్నాడు ప్రధాన పరిశీలకుడు.

శాంతమ్మ గట్టు మీది కుప్పలు చూపించింది. “గరిక తీసిన సారూ.”

జగదీశ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. పరిశీలకుడు గడ్డి వైపు చాలాసేపు చూశాడు. తనకు తెలిసిన కారణాల్లో ఇంత మంచి గడ్డికి సరిపోయేది ఒక్కటే కనిపించింది. ‘కేంద్రం సలహా ఫలించినది’ అని రాయించి, బీడును అక్కడికక్కడే ఆదర్శ క్షేత్రంగా ప్రకటించాడు. జీపులోంచి బ్యానర్ తీశారు. ‘రైతే ముందు’ అని ఉంది దాని మీద. నలుగురూ గడ్డిలోకి దిగి, బ్యానర్‌ను తలో చోట పట్టుకుని వరసగా నిలబడ్డారు.

ఫొటోగ్రాఫరు కెమెరా కంటికి ఆనించి, మళ్లీ దించాడు.

“అమ్మా, జర పక్కకు జరుగున్రి. సార్లకు అడ్డమొస్తున్రు.”