వానకు తేలిన గొడుగు

ఆ రోజు పొద్దున పెయింటరు వేసుకున్న పథకం చిన్నదే. బస్టాండు గోడకు సున్నం కొట్టాలి, ఆరాక అధికార పార్టీ గుర్తయిన తాళం బొమ్మ వేయాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. ప్రాంతీయ శాసనసభ ఎన్నికలు ఇంకో నెల రోజుల్లో ఉన్నాయి.

చిక్కల్లా ఆ గోడ మీది పాత గొడుగుతోనే. ముప్పయ్యేళ్ల కిందట, గొడుగు పార్టీ ఏలిన రోజుల్లో, దాన్ని వేసింది అతనే. కుట్టు క్లాసుకు వెళ్తున్న ఓ అమ్మాయి ఆగి, "పిడి వంకరగా ఉందండీ" అంది. దిద్దాడు. మర్నాడు ఇంకో తప్పు పట్టింది. అలా తప్పులు పడుతూ పడుతూనే అతని ఇల్లాలైంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ప్రాణం లేచొస్తుంది. పార్టీ ఎప్పుడో చితికిపోయింది గానీ బొమ్మను చెరపడానికి మాత్రం చేతులు రాలేదు. సున్నం నీళ్లలా పలచగా కలిపి కొట్టేశాడు. ఎండకు ఆరి గోడ తెల్లగానే కనబడింది.

మూడో రోజు వాన పడింది. తడిసిన సున్నంలోంచి గొడుగు తేలింది. అధికార పార్టీ తాళం దాని కింద తలదాచుకున్నట్టు నిలబడింది.

"ఇదెవరి పనయ్యా?" పార్టీ కార్యదర్శి మండిపడ్డాడు.

"పాత రంగండీ, మొండిది" అన్నాడు పెయింటరు నేలచూపులు చూస్తూ.

మళ్లీ సున్నం, మళ్లీ వాన, మళ్లీ గొడుగు. కార్యదర్శి గోడకు ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టాడు. కాపలా చూసిన జనం, వీళ్లకేదో గుబులు పట్టుకుందనుకున్నారు. గొడుగు పార్టీ తిరిగొస్తోందని ఊరంతా గుప్పుమంది. ఆ పార్టీలో మిగిలిన ఏకైక మనిషి రిటైరైన టైపు మాస్టారు. అందరూ వెళ్లి పోటీ చేయమని ఆయన ఇంటి మీద పడ్డారు.

"ఈ వయసులో నాకెందుకు నాయనా ఇవన్నీ" అంటూనే ఆయన నామినేషన్ వేశారు. "మా రోజుల్లో..." అని నోరు తెరిస్తే చాలు, పెద్దవాళ్లు కళ్లొత్తుకునేవారు. ఆయన గెలిచారు. తాళం పార్టీకి మెజారిటీకి ఒక్క సీటు తక్కువైంది.

వారం తిరక్కుండా మాస్టారు బస్టాండు దగ్గర పనిలో ఉన్న పెయింటరు ముందు కారు దిగారు. "నేను తాళం వాళ్లలో కలిసిపోయానయ్యా. ఈ గొడుగు ఇక కనబడకూడదు. సున్నం కాదు, సిమెంటే పూసెయ్."

పెయింటరుకు క్యారియర్ తెచ్చిన భార్యే కల్పించుకుంది. "అలాగే పూస్తారు మాస్టారూ. కానీ సిమెంటు పడ్డాక మళ్లీ గొడుగు కావాలన్నా రాదు. ఈ ప్రభుత్వం ఎన్నాళ్లుంటుందో చూసి మొదలెడదామా?"

మాస్టారు గోడ వంక కాసేపు చూసి, అంత తొందరేం లేదన్నారు.