బాలనర్సయ్య గారి కారుకు ఎండ

తరిగొప్పుల మండల రైతు నాయకుడు బాలనర్సయ్య గారి కొత్త నల్ల కారు మీద సన్నని గీతలు పడ్డాయన్న వార్త పొద్దున చాయ్ వేళకే ఊరంతా పాకింది. ప్రజలు సంయమనం పాటించాలని ఆయన అనుచరులు విజ్ఞప్తి చేశారు. ప్రజలు పాటించారు. కొనుగోలు కేంద్రంలో వడ్ల కాంటా ఇంకో రోజు వాయిదా పడిందన్న కబురూ అప్పుడే వచ్చింది గానీ, దానికి విజ్ఞప్తి అక్కర్లేకపోయింది. రైతులకు అలవాటే.

అది అల్లాటప్పా కారు కాదు. రంగు మీద గీత పడకూడదని పట్నంలో దానికి ఒళ్లంతా పారదర్శకమైన ఫిల్మ్ అతికించారు. ఇప్పుడు ఆ ఫిల్మ్ మీదే గీతలు పడ్డాయి. బాలనర్సయ్య గారికి అన్నం సయించలేదు. ఇది ప్రతిపక్షాల కుట్ర అని ఆయన మొదట ప్రకటించారు. తర్వాత విచారిస్తే తేలిందేమిటంటే, ఆ పని చేసింది అభిమానం. వాహన పూజకు కాళేశ్వరం వెళ్తుంటే భూపాలపల్లి దగ్గర బొగ్గు లారీల దుమ్ము కారు మీద పడింది. నాయకుడి కారు మీద దుమ్ము చూసి తట్టుకోలేని కార్యకర్తలు భుజాల మీది కండువాలు లాగి, నీళ్లైనా చల్లకుండా, నువ్వా నేనా అని పోటీపడి తుడిచారు. మహబూబాబాద్ నుంచి వచ్చిన అభిమానులైతే తమకు చోటు దొరకలేదని అలిగి, తిరుగు ప్రయాణంలో ఆపి మరీ తుడిచారు. ఎంత అభిమానమో అన్ని గీతలు. ఆ లెక్కన ఆయన మన జిల్లాలోకెల్లా జనాదరణ గల నాయకుడు.

జనగామలో కార్ల పాలిష్ షాపు నడిపే మాజిద్‌ను హుటాహుటిన పిలిపించారు.

"పరేషాన్ గాకుండ్రి సాబ్. రంగుకేం కాలే, గీతలు పైన ఫిల్మ్ మీదనే ఉన్నయ్. వేడి తాకితే గవే కలిసిపోతయ్. మంచిగ కడిగి ఎండల వెట్టుండ్రి. పొడి బట్టతోని మాత్రం ఎవర్నీ రుద్దనియ్యకుండ్రి" అన్నాడు మాజిద్.

ఎండ కోసం అన్వేషణ మొదలైంది. బాలనర్సయ్య గారి ఇంటి చుట్టూ ఆయన ఫొటోల కోసం నాటిన చెట్లు ఏపుగా పెరిగి పరువు తీస్తున్నాయి. పొద్దుగూకేదాకా నీడ పడని జాగా మండలంలో ఎక్కడుందంటే, కొనుగోలు కేంద్రం ముందున్న సిమెంటు కల్లమే. అక్కడ తండా నుంచి వచ్చిన లచ్చిరాం, అతని భార్య బుచ్చి వడ్లు ఆరబోసుకున్నారు. యాసంగి పంటంతా అదే. ఎండితేనే కాంటా, తడిస్తే తిరిగి ఇంటికే.

"లచ్చిరాం, జర వడ్లు పక్కకు జరుపు. అన్న కారుకు ఎండ గావాలె" అన్నాడు అనుచరుడు హన్మంతు.

"ఇయ్యాల్టి ఎండ తాకితే తేమ సరిపోతది హన్మంతన్నా. రేపు కాంటా పెడ్తమన్నరు."

"వడ్లు రేపు గూడ ఎండుతయి. కారు ఎన్ని దినాలని ఓర్సుకుంటది?"

ఆలుమగలు వడ్లను కల్లం పక్కనున్న గోదాం గోడ నీడలోకి తోసి, కుప్ప చేసి, టార్పాలిన్ పట్టా కప్పారు. కల్లం నడిమిట్ల కారు నిలిచింది. గొడుగు కింద కుర్చీ వేసుకున్న బాలనర్సయ్య గారు పులకించిపోయి ప్రసంగించారు.

"రైతు లేంది నేను లేను. అందుకే నా కారు సుత రైతుల నడుమనే ఎండుతున్నది. ఇట్లాంటి నాయకున్ని మీరు యాడనన్న జూసిండ్రా?"

ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి గీతలు పలచబడ్డాయి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగి చూస్తుండగా మబ్బు పట్టింది. చెడగొట్టు వాన, వడగండ్లతో సహా వచ్చేలా ఉంది. వడగండ్లు పడితే కారుకు సొట్టలు పడతాయి, సొట్టలు ఏ ఎండకూ పోవు. ఆ విపత్కర పరిస్థితుల్లో హన్మంతు బృందం లచ్చిరాం కుప్ప మీది పట్టాను లాగి కారుకు కప్పింది. సహాయక చర్యలు అంత వేగంగా జరగడం ఆ మండలంలో అదే మొదలు.

వాన దంచికొట్టింది. గోదాం చూరు నుంచి పడే ధార నేరుగా కుప్ప మీదే పడింది. బుచ్చి తన కొంగు కప్పింది. వడ్లు కాళ్ల కింది నుంచి కొట్టుకుపోతుంటే లచ్చిరాం చేతులు అడ్డం పెట్టాడు.

వాన వెలిశాక బాలనర్సయ్య గారు స్వయంగా పట్టా తీశారు. ఒక్క గీత లేదు. నల్లగా, నున్నగా తన ముఖం తనకే కనిపించింది. ఆయన ఎంత ఆపుకున్నా ఆగలేదు, కళ్ల వెంట నీళ్లు కారాయి.

"అన్న మన వడ్లను జూసి ఏడుస్తుండు" అన్నారెవరో. ఫోన్లు పైకి లేచాయి. రైతు కష్టానికి కరిగిపోయిన నాయకుణ్ణి ఈసారి ఎన్నికల్లో పోటీ లేకుండా ఏకగ్రీవం చేయాలని హన్మంతు అక్కడికక్కడే ప్రతిపాదించాడు. ఏ వడ్లో అర్థంగాక బాలనర్సయ్య గారు అటూ ఇటూ చూశారు. గోడ పక్కన కుప్ప కనబడింది. సంగతి గ్రహించి, కళ్లు తుడుచుకోవడం వాయిదా వేశారు.

"గాయన మన దిక్కు జూస్తనే లేడు. కారును జూసి ఏడుస్తుండు" అన్నది బుచ్చి.

చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడింది. కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు.

లచ్చిరాం తండా భాషలో ఆమెను గదమాయించాడు. తడిసిన వడ్లను కొనాలన్నా, తిప్పి పంపాలన్నా రేపు కాంటా దగ్గర నిలబడేది ఈ హన్మంతు మనుషులేనని గుర్తుచేసి, అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. బుచ్చి దోసిట్లో ఉన్న తడి వడ్లను కింద పోసి, తానూ కొట్టింది.